రెండో మూల

ఆస్పత్రిలో ముప్పయ్యేళ్లు ఆయాగా చేసి రిటైరయ్యాను. అయినా రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. అది వార్డులో దుప్పట్లు సర్దే వేళ. పనిలేని మనిషి ఇక ఎవరికీ అక్కర్లేదేమోనని దిగులు.

నిన్న రాత్రి లేచి వెళ్లి, అమ్మాయి దుప్పటి మూలను వార్డు పద్ధతిలో మడిచి పరుపు కిందికి దోపాను.

"నేనేమన్నా పేషెంటునా అమ్మా? నీ డ్యూటీ అయిపోయింది, వెళ్లి పడుకో!" అని విసుక్కుంది.

నా గదికొచ్చాను. తోసేసి వెళ్లిన నా దుప్పటి చక్కగా పరిచి ఉంది. ఒక మూల అచ్చం అలాగే మడిచి, దోపి ఉంది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. పక్కగదిలో అమ్మాయి గొణుగుడు ఇంకా వినిపిస్తోంది.

ఆ మడతను వేళ్లతో తడిమి చూశాను. నేను దుప్పటి కప్పినవాళ్లలో ఇంటికి తిరిగి వెళ్లనివాళ్లు గుర్తొచ్చారు. మెల్లగా దుప్పట్లోకి దూరాను. నాకొకరు కప్పి ఎన్నేళ్లయిందో!

"ఎవరైతేనేం, చల్లగా ఉండు నాయనా," అన్నాను.

కాళ్ల దగ్గర రెండో మూల నెమ్మదిగా బిగుసుకుంది.