రోగి వేషం

మిల్లుని మోసం చేద్దామన్న ఆలోచన నరసింగరావుది కాదు, అతని పెళ్ళాం దేముడమ్మది. అబద్ధం నోట్లోంచి రాకముందే నవ్వేసే మనిషి, ఆ పూట చోడంబలి గిన్నె అతని ముందు పెట్టి, మొహం బిగించుకుని చెప్పింది.

"మావా, నీ మెడ మీద కంతి ఉన్నాది కదా. అది కేన్సరని బీమా డాక్టరమ్మ దగ్గిర నాటకమాడు. పెద్ద జబ్బైతే మిల్లు కూలోళ్ళని ఇంటికాడ కూకోబెట్టి సగం జీతం ఇస్తారట."

నరసింగరావుకి పొలమారింది. "కేన్సరేటే! ఇది రెండేళ్ళబట్టీ ఉన్నాది. నొప్పా, సలుపా? దొరికిపోతే జైలే!"

"భాగోతంలో నువ్వు ఆడేసం కట్టి ఏడిస్తే బొబ్బిలోళ్ళంతా ఏడిసేరు. ఒక్క డాక్టరమ్మని నమ్మించలేవేటి?"

అంతే, మనవాడు పడిపోయాడు.

ఇక్కడ అతని సంగతి కాస్త చెప్పుకోవాలి. జూటు మిల్లులో నార కట్టని ఒంటిచేత్తో లేపే మనిషి, సూదంటే మాత్రం చచ్చేంత భయం. మశూచి టీకాలవాళ్ళు పేటలోకొచ్చిన రోజున తాటిచెట్టెక్కి, వాళ్ళు ఊరు దాటేదాకా దిగలేదు. మొన్నీమధ్య మిషన్లో వేలు నలిగితే నలుగురూ కలిసి బీమా ఆసుపత్రికి మోసుకెళ్ళారు. సూది చూడగానే కళ్ళు తేలేశాడు. లేచేసరికి వేలికి కట్టుంది, మెడకీ ఓ పట్టీ ఉంది. పడ్డప్పుడు గీరుకుపోయిందని దేముడమ్మ చెబితే సరేననుకున్నాడు. ఇంత పిరికివాడికీ పైవాళ్ళని బోల్తా కొట్టించడమంటే పండగే. మేస్త్రీ కళ్ళు కప్పి చుట్ట కాల్చి రావడం అతనికి జీతం కంటే తీపి.

బీమా ఆసుపత్రి డాక్టరు లీలారాణి ముందు మూలిగాడు, మెలికలు తిరిగాడు. "నొప్పి తల్లీ, పేణం పోతన్నాది!"

"ఈ రకానికి నొప్పి ఉండదే," అందావిడ.

"అవునమ్మా! అసలు నొప్పే నేదు. అదే నా బాధ!"

ఆవిడ తల వంచుకుని నవ్వు దాచుకుంది. పనిలోకి పోనక్కర్లేకుండా సిక్కు సెలవు రాసిచ్చేసింది.

"సూసేవేటే నా ఆట!" అని ఇంటికొచ్చి గంతులేశాడు నరసింగరావు. దేముడమ్మ పొయ్యి ఊదుతూ కళ్ళు తుడుచుకుంది. "పొగ," అంది.

కానీ నాటకం అంతటితో అయిపోలేదు. విశాఖ పెద్దాసుపత్రిలో కంతికి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవాలన్నారు.

"ఒసే, లేని జబ్బుకి మెడ కాల్చుకోవాలేటి?"

"ఏసం కట్టినోడు రంగు పూసుకోడేటి? ఎల్లకపోతే అనుమానమొస్తాది."

అదీ నిజమే! కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, ఆఖరికి సూదులు కూడా పొడిపించుకున్నాడు. కళాకారుడి కష్టం ఎవడిక్కావాలి! గొంతు మండిపోయి ముద్ద దిగని రోజున, వేషంలో మరీ ఇంతలా లీనమైపోకూడదని తనని తానే మందలించుకున్నాడు.

ఇంతలో పక్కవీధి గంగులు కొంప ముంచాడు. నడుం పట్టేసిందని సిక్కు పెట్టి, నెల్లిమర్ల సంతలో వేరుశనగ బస్తా మోస్తూ దొరికిపోయాడు. పోలీసులు గంగుల్నే కాదు, అతనికి వంత పాడినందుకు పెళ్ళాన్నీ స్టేషన్లో కూర్చోబెట్టారు. ఆ మర్నాడే ఆసుపత్రి నుంచి నరసింగరావుకి కబురు. డాక్టరమ్మ రమ్మంటోంది, పెళ్ళాన్ని కూడా వెంటబెట్టుకు రావాలట.

నాటకం బయటపడిపోయిందనుకున్నాడు నరసింగరావు. తనని జైల్లో పెట్టినా ఫరవాలేదు, చిప్పకూడు తిని వచ్చేస్తాడు. కానీ దేముడమ్మా? కూరలవాడితో బేరమాడ్డానికి కూడా సిగ్గుపడే మనిషి, పోలీసుల మధ్య కూర్చోవడమా? ఆ ఊహకే అతనికి ఏడుపొచ్చేసింది.

గదిలోకి అడుగు పెడుతూనే డాక్టరమ్మ కాళ్ళ మీద పడ్డాడు.

"అమ్మగోరూ, నాకే జబ్బూ నేదు! అంతా నాటకం, నేనే ఆడేను. మా ఆడదానికి ఏటీ తెల్దు. దానికి అబద్ధమాడ్డమే రాదు తల్లీ! నన్నట్టుకుపొమ్మనండి, దాన్నొగ్గేయండి."

డాక్టరమ్మ అతన్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, మెడ తడిమి చూసింది.

"పోలీసులెవరూ లేరు. నువ్వు తింటున్నది దొంగసొమ్మూ కాదు. కంతి బాగా తగ్గిందయ్యా. ఎలాగూ నెమ్మదిగా పెరిగే రకం. వైద్యం మానకపోతే మనవల పెళ్ళిళ్ళలో కూడా భాగోతం ఆడతావు. ఈ మాట చెబుదామనే ఇద్దర్నీ రమ్మన్నాను."

"తగ్గడమేటమ్మా? లేని జబ్బు..."

అతని చెయ్యి దానంతటదే మెడ మీదికి, ఆనాడు పట్టీ ఉన్న చోటికి పోయింది. వెనక్కి తిరిగి చూశాడు. దేముడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగి నిలబడింది. ఇక్కడ పొయ్యీ లేదు, పొగా లేదు.

"ఆవేళ నువ్వు స్పృహ తప్పినప్పుడు, మీ ఆవిణ్ణి అడిగే కంతిలోంచి ముక్క తీసి పరీక్షకి పంపాను," అంది డాక్టరమ్మ. "ఫలితం విని నువ్వు కూర్చున్న ఆ కుర్చీలోనే గుండె పగిలేలా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఏమందో తెలుసా? 'కేన్సరని సెప్తే తాటిసెట్టెక్కేస్తాడమ్మా, మోసం సేద్దామంటే పరిగెట్టుకొస్తాడు.'"