నక్షత్రం కింద

మొదటిసారి సొంతంగా గేమింగ్ కంప్యూటర్ బిగించుకుంటున్నాను. బడ్జెట్ అంతా గ్రాఫిక్స్ కార్డే మింగేసింది.

"క్యాబినెట్ కొనకు. పాప గదిలో నా పాతదుందిగా, వాడుకో," అన్నాడు మా ఆయన.

దగ్గి దగ్గి అప్పుడే నిద్రపోయిన పాప పక్కనే ఆ క్యాబినెట్ పెట్టె మూత విప్పాను. గుప్పున సిగరెట్ కంపు. లోపలి తెల్ల ఫ్యాన్ రెక్కలకు పసుపుపచ్చటి పొగ జిగురు. వేలికంటుకుంటే చున్నీకి తుడుచుకున్నాను.

"ఛీ, ఏంటిది?"

"సెకండ్ హ్యాండ్ కదా, అమ్మినవాడు తెగ తాగేవాడు. పాప పుట్టాక నేను మానేశానని తెలుసుగా."

ఫ్యాన్ మధ్యలో నిరుడు పాప అంటించిన నక్షత్రం స్టిక్కర్ ఉంది. గోటితో పీకాను. దాని కింద మాత్రం ప్లాస్టిక్ తెల్లగా మెరిసిపోతోంది.

"అయితే ఆ అమ్మినవాడు ఇప్పటికీ రోజూ మన పాప గదికొచ్చి తాగిపోతున్నాడన్నమాట," అన్నాను.