ఒక్క శాతం

మా కోడలు భ్రమరకు ఉద్యోగమిచ్చిన రోజే కంపెనీవాళ్ళు ఒక ల్యాప్‌టాప్ కూడా ఇచ్చారు. దానికి చార్జి పెట్టే వీలు లేదు. ఉన్న చార్జి అయిపోయేదాకా రోజూ పనిచేయాలి, అయిపోయిననాడు విడుదల. మధ్యలో సెలవుల్లేవు. అలా ఇరవై ఆరేళ్ళు గడిచాయి.

"మా రోజుల్లో ల్యాప్‌టాప్ వేడికి అప్పడాలు కాల్చుకునేవాళ్ళం. అన్నం ఉడికేలోగా చార్జి అయిపోయి చచ్చూరుకునేది" అని నేను ఏడిపిస్తే, "కోతలు ఆపండి మామయ్యా" అని నవ్వేది.

నిన్న అది ఒక్క శాతానికి దిగింది. సాయంత్రానికి ఆరిపోతుందన్నారు. తణుకులో పుట్టి కూడా, అంత దగ్గర్లోని సముద్రం చూడని మనిషి, అంతర్వేది బస్సుకని సంచి సర్దుకుంది. మా ఆవిడ బూరెలు వండింది.

మధ్యాహ్నం తెర మీద ఏదో అడిగితే, అన్నిటికీ సరేనని నొక్కే అలవాటున్న వేలు చదవకుండానే నొక్కేసింది. ప్రాసెసర్ ఇకమీదట మరింత పొదుపుగా పనిచేస్తుందట. మిగిలిన చార్జి ఒక్క శాతం, మిగిలిన కాలం పద్నాలుగేళ్ళు అని కనిపించింది.

భ్రమర సంచిని మంచం కిందికి తోసి, మళ్ళీ కుర్చీలో కూర్చుంది. బూరెలు ఎవరూ ముట్టలేదు.

తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది.

"మామయ్యా, నిజంగానే చచ్చిపోయేవా అవి?"

"చచ్చేవమ్మా. రోజుకు రెండుసార్లు."

"అప్పుడు మీరేం చేసేవారు?"

"మూతేసి, లేచి బయటికెళ్ళేవాళ్ళం."

అప్పడాల సంగతైనా నమ్మిందేమో గానీ, ఈ మాట మాత్రం నమ్మినట్టు లేదు.