పండగలోపు కనెక్షన్

“ఏమైనా సరే, క్రిస్మస్ లోపు నెట్ వచ్చి తీరాలి బాబూ” అంది ఎలిజబెత్.

మెకానిక్ సూర్యప్రకాష్ తల గోక్కున్నాడు. బెంజ్ సర్కిల్ దగ్గర మూతబడ్డ డీటీపీ సెంటర్ వాళ్లు వదిలించుకుంటే ఆవిడ కొనుక్కున్న పాత కంప్యూటర్ అది. ఆన్ చేసి, కాఫీ కలుపుకుని తాగి, గ్లాసు కడిగి వచ్చినా ఇంకా నిద్ర లేస్తూనే ఉంటుంది. అలాంటిదానికి ఫోను లైను మీద నెట్ కలిపే మోడెమ్ తగిలించాడు. అది నంబర్ కొడుతుంది, కీచుమంటుంది, గరగరమంటుంది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు.

వీధి చివర నెట్ సెంటర్ ఉందిగా, అక్కడ చూసుకోండి అని చెప్పిచూశాడు. ఎలిజబెత్ ససేమిరా అంది. ఇంట్లోనే రావాలి, పండగలోపే రావాలి.

నర్సుగా రిటైరై పటమటలో ఒక్కతే ఉంటోంది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ తనే చదివించింది. వాళ్ల పిల్లల ఫొటోలు గోడ నిండా ఉన్నాయి. వాళ్లకి ఈమెయిళ్లు పంపుకోవాలని ఈవిడ సరదా కాబోలు అనుకున్నాడు సూర్యప్రకాష్. అడిగితే ఆవిడ నవ్వి కజ్జికాయలు పెట్టింది.

ఇరవై నాలుగో తారీఖు మధ్యాహ్నానికి లోపం దొరికింది. కిటికీ దగ్గర ఫోను వైరు అతుకు తుప్పు పట్టింది. వైరు మార్చాడు. కంప్యూటర్ చచ్చీ చెడీ నెట్‌లోకి వెళ్లింది.

ఎలిజబెత్ స్క్రీన్ వైపు చూడలేదు. “ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే?” అంది.

“ఎంగేజ్ వచ్చుద్దండి సిస్టర్ గారూ. దీంతో వచ్చిన గొడవే అది.”

ఆవిడకి నమ్మకం కుదరలేదు. అతని చేతిలో రూపాయి బిళ్ల పెట్టి, కిళ్లీ కొట్టు దగ్గరున్న కాయిన్ బాక్స్ నుంచి ఫోన్ చేసి చూడమంది. నిజంగా ఎంగేజే వచ్చింది. అతనికి జాలేసింది. రేపు చుట్టాలంతా ఫోన్లు చేస్తారు, పగలు నెట్ ఆపేసి రాత్రి పెట్టుకోండని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

మర్నాడు ఎలిజబెత్ చర్చి నుంచి వస్తూనే, కొత్త చీర కూడా మార్చుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. కనెక్షన్ కలిసింది. ఇక అందులో ఏదీ తెరవలేదు. ఒక్కదానికే వంట చేసుకుంది, ఒక్కతే తింది. మధ్యలో లైను తెగితే ఎంగిలి చేత్తోనే పరుగెత్తి మళ్లీ కలిపింది.

సాయంత్రం కేకు ఇద్దామని పక్కింటి సంపూర్ణమ్మను పిలిచింది. మాటల్లో సంపూర్ణమ్మ అడగనే అడిగింది, తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఫోన్లు చేశారా అని.

“ఎక్కడ వదినా! పొద్దుటి నుంచీ నెట్‌లోనే ఉన్నా. పాపం ఎన్నిసార్లు చేశారో ఏమో, అందరికీ ఎంగేజ్ వచ్చుంటది.”

ఈ వయసులో ఇదేం పిచ్చి అని సంపూర్ణమ్మ నవ్వింది. ఎలిజబెత్ కూడా హాయిగా నవ్వింది. ఆ ప్రశ్నకి ఆవిడ తలెత్తుకుని జవాబు చెప్పడం ఇదే మొదటిసారి.

పోయిన క్రిస్మస్‌కి లైను రోజంతా ఖాళీగానే ఉన్నా, ఆ ఫోను ఒక్కసారి కూడా మోగలేదు.