నార్సింగి వైద్యుడు

“స్టెరాయిడ్ ఎన్నేళ్లుగా వాడుతున్నారు?” ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూస్తూ అడిగింది డాక్టర్ హరిత.

“ఇంగ్లీష్ మందులు నేను ముట్టనే ముట్టను మేడం,” అన్నాడు ఓంకార్, బల్ల మీద కదల్లేక. ఉదయం తెల్లాపూర్‌లో ఒక ప్రయాణికుడి సూట్‌కేసు తన క్యాబ్‌లోకి ఎత్తబోయి కూలబడ్డాడు. వెన్నుపూస ఒకటి నలిగిపోయింది. అతని వయసు నలభై ఒకటి.

“మరి సోరియాసిస్ ఎలా తగ్గింది?”

“నార్సింగిల ఒక వైద్యుడున్నడు. ఆయనిచ్చే ఆకుల పొడితోని. మా రేఖ నెలనెలా తెస్తది.”

“ఆ పొడిలో స్టెరాయిడ్ ఉంది. మీ ముఖం వాపు, రక్తపరీక్ష అదే చెబుతున్నాయి. చర్మం బాగుపడింది గానీ ఎముకలు గుల్లబారాయి. ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. మెల్లగా తగ్గిద్దాం.”

తలుపు దగ్గర నిలబడ్డ అతని భార్య రేఖ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మూడేళ్ల కిందట, పొలుసులు రాలే అతని చేతులు చూసి ఐటీ ఉద్యోగులు బండి ఎక్కడం మానేశారు. మందుల షాపులో అడిగి రేఖ తెచ్చిన గోలీలను అతను మురుగు మోరీలోకి విసిరేశాడు. గోలీలు మింగడం వల్లే తండ్రి కిడ్నీలు పోయాయని అతని నమ్మకం. చివరికి ఒకరోజు హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర పట్టాల మీద నిలబడితే రేఖే రెక్క పట్టి గుంజుకొచ్చింది. ఆ వారంలోనే ఈ వైద్యుడి సంగతి విని వచ్చింది. తోడు వస్తానంటే ఆయన ఒప్పుకోడనేది. నెల తిరక్కుండా చర్మం నున్నబడింది. ఆ వైద్యుడి ఫొటో దొరికితే ఓంకార్ దేవుడి పటాల పక్కన పెట్టుకునేవాడే.

వెన్ను విరిగిన పదో రోజున ఓంకార్ నడుముకు బెల్టు బిగించి ఆటో పిలిచాడు.

“నడువు. వాన్ని చూపియ్యి.”

“డాక్టరమ్మ పండుకొమ్మన్నది గదా. జర ఆగు.”

“ఎంతమందికి ఇస్తున్నడో ఏమో. ఇంకెవ్వని నడుమూ ఇరగొద్దు.”

నార్సింగిలో గల్లీ గల్లీకీ ఆటో ఆపించాడు. కిరాణా కొట్టులో అడిగాడు, దవాఖానలో అడిగాడు. అలాంటి వైద్యుణ్ని ఎవరూ ఎరగరు. నొప్పికి అతని చొక్కా చెమటతో తడిసిపోయింది.

“ఇల్లేది రేఖా? వానికి భయపడుతున్నవా? పేరన్న చెప్పు.”

రేఖ ఆటో దిగింది. అతని కాళ్ల దగ్గర, రోడ్డు మీదే కూలబడింది.

“ఆ షాపు గోలీలు నేనే నూరి పొడిల కలిపిన.”