గుట్ట వెనక విన్నది

పోస్టాఫీసు బల్ల మీద చేప దొరికిన వరద తర్వాత రెండో ఏడాది అది.

వరద తీశాక గడ్డి లేచింది. నడుమెత్తు పెరిగి, ఎండి, గలగలమంటోంది.

అక్కడ ఫిబ్రవరి అంటే నడివేసవి. ఒక శనివారం మధ్యాహ్నం బరండిల్ ఊరి ఫైర్ షెడ్డు దగ్గర అందరూ మంటలార్పే బండి కడుగుతున్నారు. జీతం లేని దళం అది. గొర్రెలు పెంచేవాళ్లు, లారీలు తోలేవాళ్లు.

నోరీన్ పోయిన రోజున ఏటా ఇదే పని. ఉపన్యాసాలుండవు. బండి కడిగి, ట్యాంకు నింపి, టీ తాగి ఇళ్లకు పోతారు. పదకొండేళ్ల కింద గడ్డి మంటల్లో, బండిలోనే పోయింది నోరీన్.

దళం కెప్టెన్ అల్బీ ఆమెకు అన్న. ఇప్పుడు బండి నడిపేది ఆమె కూతురు జోడీ.

టీ కోసం లోపలికి వచ్చిన అల్బీకి ఎవరో ఆడమనిషి కనిపించింది. ముప్పై దాటి ఉంటాయి. రేడియో మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"చెయ్యి తియ్యమ్మా. అది బొమ్మ కాదు."

ఆమె చటుక్కున తీసేసింది.

"పేపరు నించి వచ్చావా?"

"కాదండీ. మీ చెల్లెలి కోసం వచ్చాను."

"తనని ఎరుగుదువా?"

"కొంచెం సేపు."

అల్బీ ఒక కప్పు పోసి ఆమె ముందు పెట్టాడు. గుడ్డ పిండుకుంటూ వచ్చిన దళంవాడు డుగ్గీ అరిచాడు. "ఆ టీ ముట్టుకోకమ్మా! మేం మంటలార్పేది దాంతోనే!"

ఆమె నవ్వలేదు. గోడ మీది నోరీన్ ఫొటో చూస్తోంది.

"చివర్లో ఆవిడ..."

"చివర్లో ఏముంది? పదకొండు నిమిషాలు పిలిచింది. ఉన్నావా, ఉన్నావా అని. నేను గుట్ట వెనక ఉన్నా, చేతి రేడియో పట్టుకుని. అంతా విన్నా. కంట్రోల్ రూమ్ నించి ఒక్క మాట రాలేదు. అక్కడ కూచున్న పిల్ల గోళ్లకి రంగేసుకుంటోందేమో. ఆ పిల్లే చంపింది నా చెల్లెల్ని."

డుగ్గీ నేల చూపులు చూశాడు. అల్బీ ఒక్కసారే అన్ని మాటలనడం అతనెన్నడూ వినలేదు.

ఆమె అల్బీ వైపు తిరిగింది.

"గుట్ట వెనక చేతి రేడియోకి..."

సైరన్ మోగింది.

రోడ్డు పక్కన గడ్డి అంటుకుందట. జోడీ, డుగ్గీ, ఇంకొకడు బండెక్కి పోయారు. అల్బీకి ఒక భుజం పైకి లేవదు. రేడియో దగ్గర ఉండిపోయాడు. ఆమె కూడా కదల్లేదు.

పావుగంట గడిచాక రేడియోలో జోడీ గొంతు.

"మావయ్యా, గాలి తిరిగింది! అంతా పొగ. దారి కనపడట్లేదు."

అల్బీ మైకు అందుకున్నాడు. అచ్చం తల్లి గొంతే.

"మావయ్యా!"

"వెనక్కి... వెళ్లిన దారినే వచ్చెయ్!"

"వద్దు!" ఆమె మైకు లాక్కుంది. "ఆ దారంతా గడ్డే. జోడీ, పక్కన నేల నల్లగా ఉందా?"

"ఎడమవైపు ఉంది. ఎవరు నువ్వు?"

"తర్వాత చెప్తా. అది కాలిపోయిన నేల, మళ్లీ కాలదు. మంట సన్నగా ఉన్నచోట దాటి అందులోకి దూరు. బండి ఆపు. అద్దాలెత్తు. బండి మీద నీళ్లు వదులు."

"ఇటివ్వు! అది నా మేనకోడలు!" అల్బీ ఆమె రెక్క పట్టి గుంజాడు.

ఆమె గడియారం మీంచి చూపు తిప్పలేదు. "దుప్పట్లు కప్పుకుని కిందికి వంగండి. వంగారా?"

గరగర. ఎవరిదో దగ్గు. డుగ్గీ బూతు ఒకటి.

"ఉన్నావా?" జోడీ గొంతు.

"ఉన్నాను."

"అద్దం పగిలింది. ఉన్నావా?"

"ఉన్నాను జోడీ. ఎక్కడికీ పోను."

అల్బీ చెయ్యి ఆమె రెక్క మీంచి జారిపోయింది.

నాలుగు నిమిషాలు అలాగే. ఆ తర్వాత డుగ్గీ పలికాడు.

"దాటిపోయింది. ముగ్గురం ఉన్నాం. నా మీసమే సగం పోయింది."

అల్బీ బయటికి నడిచి ప్రహరీ పట్టుకుని నిలబడ్డాడు. తిరిగి లోపలికి వచ్చేసరికి ఆమె లేదు. ముట్టని టీ చల్లారి ఉంది.

రేడియో పట్టుకున్నవాళ్లు పక్కనున్న పుస్తకంలో పేరు, టైము రాయాలి. ఆ షెడ్డు పద్ధతి. ఆమె రాసే పోయింది. ఐల్సా పెండర్. మూడూ పది నుంచి మూడూ పాతిక.

జోడీ మసి మొహంతో దిగింది. "ఎవరు మావయ్యా ఆవిడ?"

"తెలీదు."

"థాంక్స్ అన్నా చెప్పావా?"

అల్బీ చల్లారిన టీ పారబోశాడు.

మర్నాడు పొద్దున్నే అతను బీరువా అడుగు నుంచి ఒక కవరు తీశాడు. నోరీన్ చావు మీద విచారణ కాగితాలు. విచారణకు అతను పోలేదు. ఎవరు ఆ మాటెత్తినా లేచిపోయేవాడు. కవరు వచ్చి పదేళ్లయినా విప్పలేదు.

చాకుతో కోసి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు.

ఆ రోజు రేడియోలో రికార్డయిన నోరీన్ మాటలు వరసగా అచ్చేసి ఉన్నాయి. తను విన్నవే. అయితే ప్రతి మాట కిందా ఇంకో మాట ఉంది. గుట్ట అడ్డం పడి అతని రేడియోకి అందని మాట.

ఉన్నావా?

ఉన్నాను నోరీన్.

ఉన్నావా?

ఉన్నాను. ఎక్కడికీ పోను.

వేలు కిందికి జరుగుతూ పోయింది. ఒకచోట నోరీన్ మాటలు ఆగిపోయాయి. రెండో గొంతు ఆగలేదు. ఆ తర్వాత మరో గంటసేపు, జవాబు లేకపోయినా, ఉన్నాను నోరీన్, ఉన్నాను అంటూనే ఉంది.

ఆ గొంతు ఎవరిదో పేజీ అడుగున రాసి ఉంది: కంట్రోల్ రూమ్, ఐల్సా పెండర్, వయసు ఇరవై ఒకటి.