లోపలికి వెళ్ళనన్న బెల్టు

అందరూ కాస్త దగ్గరికి జరగండి. ఆ మూల చెవులు కొరుక్కుంటున్న ఇద్దరూ ఆ పని తర్వాత చేసుకోండి. మధ్యలో ఒక్క ముక్క పోయినా మళ్ళీ మొదటికి రావాలి, నాకంత ఓపిక లేదు.

ఒక వీధిలో ఒక మెకానిక్కు. అతని షెడ్డుకి ఎదురుగా ఒక దర్జీ కొట్టు. మెకానిక్కు చేతులెప్పుడూ ఇంజన్లలో ఉండేవి, మనసు మాత్రం ఎదురు కొట్టులో కాజాలు కుట్టే పిల్ల దగ్గరుండేది. ఆ పిల్ల దర్జీ కూతురు. పిల్లకీ అతనంటే ఇష్టమే. ఎటొచ్చీ దర్జీకే గిట్టదు.

"గుడ్డ విలువ తెలియనివాడికి పిల్లనెలా ఇస్తాను" అనేవాడు.

ఆయన తప్పేం లేదు. మెకానిక్కు వేసుకున్న చొక్కాతోనే ఇంజను తుడిచి, అదే చొక్కాతో ఇంటికి పోయేవాడు.

దర్జీకి ఒక పాత కారుంది. దర్జీ భారీ మనిషి. ముందు ఆయన పొట్ట కొట్టులోకి వచ్చేది, కాసేపటికి ఆయన వచ్చేవాడు. ఆ కారు డ్రైవరు సీటు బెల్టు చాలాకాలంగా పూర్తిగా చుట్టుకోవడం మానేసింది. తలుపు వేసినా కింద నుంచి బయటికి వేలాడుతూ, వీధి పొడుగునా ఊడ్చుకుంటూ పోయేది. ఇక వీధి ఊడ్చేవాళ్ళు అటు రావడమే మానేశారంటే నమ్మండి.

ఒక ఉదయం మెకానిక్కు ధైర్యం చేసి వెళ్ళి పిల్లనిమ్మని అడిగేశాడు.

దర్జీ పెదాల మధ్య సూది తీసి పక్కన గుచ్చాడు. "సాయంత్రం కొట్టు మూసేలోగా నా కారు బెల్టు మొత్తం లోపలికి పోయేట్టు చెయ్యి, ఇస్తా. నీవల్ల కాకపోతే ఈ వీధిలోంచి షెడ్డు ఎత్తెయ్యాలి. మళ్ళీ మా పిల్ల వైపు చూడకూడదు."

"ఓస్, ఇంతేనా మావయ్యా."

"ప్రస్తుతానికి మాస్టారూ అను. మావయ్య సంగతి బెల్టు లోపలికెళ్ళాక."

పక్క సెలూనాయన నురగ బ్రష్షుతోనే బయటికొచ్చి, "అది కాదబ్బాయ్..." అని మొదలుపెట్టాడు. దర్జీ కత్తెర తీసి గాలిలో టకటకలాడించాడు. సెలూనాయన, "అబ్బే, ఎండ బాగా కాస్తోందంటున్నా" అని స్టూలు మీద కూర్చున్నాడు. లోపల సగం గడ్డం గీసిన మనిషి కుర్చీలో అలాగే ఉండిపోయాడు.

మెకానిక్కు ముందు బెల్టంతా బయటికి లాగి సబ్బునీళ్ళతో రుద్దాడు. బకెట్టులో నీళ్ళు తారులా తయారయ్యాయి. ఆరబెట్టి వదిలాడు. బెల్టు చకచకా లోపలికి పోయి, పోయి, ఆగింది. రెండు జానలు బయటే వేలాడుతోంది.

ప్లాస్టిక్కు మూత విప్పాడు. బెల్టు చుట్టుకునే చక్రం తీసి, దుమ్ము ఊది, స్ప్రింగు బిగించాడు. ఈసారి బెల్టు ఎంత జోరుగా పోయిందంటే, పోతూ పోతూ అతని చొక్కా గుండీ కూడా పట్టుకుపోయింది. రెండు జానలు మాత్రం బయటే. మెడదాకా తిన్నవాడిలా చక్రం ఇంక నావల్ల కాదంది.

మధ్యాహ్నం పిల్ల మంచినీళ్ళు తెచ్చింది. "గుండీ నేను కుడతాలే. ముందు ఆ పని చూడు."

"చూస్తూనే ఉన్నాగా."

"నన్ను కాదు. బెల్టుని."

దర్జీ కుర్చీ లాక్కొచ్చి కారు పక్కనే వేసుకున్నాడు. "ఏమయ్యా, లోపం ఎక్కడ? గుడ్డలోనా?" గొంతెందుకో కాస్త తేడాగా ఉంది.

"గుడ్డనేమీ అనకండి మాస్టారూ." మెకానిక్కు బెల్టుని వెలుతురుకి పట్టాడు. "ఇదిగో, ఈ మధ్యలో కుట్టు చూడండి. ఒక్క పోగు పక్కకి పోలేదు. దీనికి లారీ కట్టి లాగినా ఊడదు. మామూలు మనిషి కుట్టే కుట్టా ఇది. కంపెనీలో ఎవడో మహానుభావుడు కుట్టుంటాడు. వాడి చేతులు కళ్ళకద్దుకోవాలి."

దర్జీ మెడలో టేపు సర్దుకున్నాడు. లేచి, "కూర్చుని చెయ్యి, నడుం పట్టేస్తుంది" అని తన కుర్చీ అతని వైపు తోశాడు. పిల్ల కాజా ఆపి తలెత్తింది. ఆ కుర్చీ ఆయన ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు.

సాయంత్రమైంది. వీధంతా కారు చుట్టూ చేరింది, సగం గడ్డం మనిషితో సహా. అతని ముఖం మీద నురగ ఎండి పెచ్చులు కట్టింది. దర్జీ షట్టరు సగం దించాడు.

మెకానిక్కు చివరిసారిగా బెల్టు వదిలాడు. పోయింది. ఆగింది. రెండు జానలు అలాగే వేలాడుతోంది.

అతను తల వంచుకుని పనిముట్లు సంచిలో వేసుకున్నాడు. "రేపు షెడ్డు ఎత్తేస్తాను మాస్టారూ." పిల్ల వేలికి సూది గుచ్చుకుంది. ఆమె చూసుకోనేలేదు.

"ఎక్కడికయ్యా ఎత్తేది" అన్నాడు దర్జీ. "రేపు మీ అమ్మానాన్నల్ని తీసుకురా. పెళ్ళి మాటలు మాట్లాడుకుందాం."

"బెల్టు లోపలికి పోలేదు కదా మాస్టారూ."

"మాస్టారేంటి, మావయ్యా అను. గుడ్డ విలువ తెలిసినవాడివి. నాకది చాలు."

వీధంతా నోరు తెరిచింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పొద్దుట్నుంచీ నోరు కట్టుకుని కూర్చున్న సెలూనాయన ఇక ఉండబట్టలేక బ్రష్షు ఊపుతూ అన్నాడు:

"పొట్టకి చాలట్లేదని బెల్టు కోసి మధ్యలో నీ చేత్తో నువ్వే రెండు జానల అతుకు వేసుకున్నావు సరే దర్జీ బావా, పనిలో పని దానికో జేబు కూడా కుట్టేసుంటే నా దువ్వెన పెట్టుకునేవాణ్ణిగా."